పళ్ళు కొరికే గది

లోకంలో దెయ్యాల కొంపలకి కొదవ లేదు కానీ, ఒకేసారి కొన్ని వందల నోళ్ళతో పళ్ళు కొరికే గది మాత్రం ఇదొక్కటే. ఏ పాడుబడ్డ బంగళా దీని ముందు నిలవదు. ఏ దిగుడుబావీ దీని కాలిగోటికి సరిపోదు. భయపెట్టడంలో దీన్ని మించింది ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టదు...

కాకపోతే ఆ నోళ్ళన్నీ సుద్దతో చేసినవి. గది కూడా ఏమంత గది కాదు. ఇద్దరు నిలబడితే మూడోవాడు గోడకి అతుక్కోవాలి.

కింద పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు. పైన ఆవిడ తమ్ముడి ల్యాబు. కట్టుడు పళ్ళు తయారయ్యేది అక్కడే. ల్యాబు దాటాక సన్నటి నడవా, నడవా చివర ఈ గది. నోటి కొలత ఇచ్చిన ప్రతి మనిషి దవడా సుద్ద అచ్చయి చివరికి ఇక్కడికే చేరుతుంది. పై దవడనీ కింది దవడనీ కలిపి పట్టుకునే ఇనప చట్రాల్లో, రేకు అరల మీద, వరసలు వరసలుగా... అన్నీ సగం నోరు తెరుచుకుని, ఎవరో ఏదో పెడతారని ఎదురుచూస్తున్నట్టు ఉంటాయి.

ఆ గదికి చెడ్డపేరు తెచ్చింది రాత్రి వాచ్‌మన్. ఎవరో ముసలాయన పళ్ళకి కొలతలిచ్చి, అవి చేతికందకముందే పోయాడట. రాత్రిళ్ళు వచ్చి ఒక్కో దవడా తీసి నోట్లో పెట్టుకు చూసుకుంటాడట. ఏదీ సరిపడదు. ఆ కోపంలో పళ్ళు కొరుకుతాడట. టకటకటక... కాసేపు నిశ్శబ్దం... మళ్ళీ టకటకటక.

"నోట్లో పళ్ళే లేనివాడు పళ్ళెలా కొరుకుతాడయ్యా?" అని డాక్టరమ్మ అడిగింది.

"అందుకే కదమ్మా, మనవి వాడుకుంటున్నాడు" అన్నాడు వాచ్‌మన్.

ఆ మాటకి మాత్రం ఆవిడ దగ్గర మందు లేదు. ఊడ్చే ఆవిడ అప్పట్నుంచీ నడవా సగం దాకా ఊడ్చి, మిగతా సగాన్ని ఒకసారి చూసి వచ్చేసేది.

ఇక డాక్టరమ్మ తమ్ముడు. జుట్టులో సుద్ద, కనుబొమల్లో సుద్ద, టీ కప్పులో కూడా పల్చగా సుద్ద. అందరూ సుద్దబాబనే పిలుస్తారు. మనవాడికి దెయ్యాల మీద నమ్మకం లేదు. చీకటి పడ్డాక ఆ గదిలోకి వెళ్ళడం మానేశాడంతే. భయం కాదు... తీరిక లేక.

ఆ రాత్రి అయితే నిజంగానే తీరిక లేదు. అంతకుముందు రాత్రి కూడా నిద్ర లేదు. కళ్ళు మూస్తే మంట, తెరిస్తే మంట. అప్పుడే మేనమామ పళ్ళు విరగ్గొట్టుకుని వచ్చాడు. కడుగుతూ కడుగుతూ సింకులో జారవిడిచాడట, రెండు వరసలూ ముక్కలయ్యాయి. ముక్కల్ని జేబురుమాల్లో మూటగట్టి, పిట్ట పిల్లల్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చాడు. నోట్లో పళ్ళు లేవు కాబట్టి ఆయన మాటల్లో సగం గాలే. అందులోంచి మాటల్ని ఏరి రాస్తున్నాను.

"రేపు పొద్దున్నకి కావాలిరా అల్లుడూ."

"రేపటికా? మావయ్యా, నన్ను చూడు ఒకసారి. నిలబడి నిద్రపోతున్నాను."

"రేపు మీ అత్తయ్య కళ్ళకి కట్టు విప్పుతారు."

అత్తయ్యకి ఏళ్ళ తరబడి చూపు మసక. ఇన్నాళ్ళకి ఆపరేషనైంది. కట్టు విప్పగానే మొదట మావయ్య మొహమే చూడాలని పట్టుబట్టిందట.

"చూడనీ. దానికేం?" అంది డాక్టరమ్మ.

మావయ్య నేల చూపులు చూశాడు. "నావి కట్టుడు పళ్ళని దానికి తెలీదు."

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పళ్ళు కట్టింది వీళ్ళే. కట్టి ఎన్నేళ్ళయిందో వీళ్ళకే గుర్తులేదు.

"రాత్రి దీపం ఆరాక తీసి మంచం కింద గ్లాసులో వేస్తాను. తెల్లారకముందే పెట్టేసుకుంటాను. మసక చూపు కదా, గడిచిపోయింది. రేపట్నుంచి అన్నీ కనపడతాయి దానికి. మొట్టమొదట కనపడేది ఈ బోసినోరా?"

"చెప్పేస్తే పోయేదానికి..." అని డాక్టరమ్మ మొదలెట్టబోయింది.

"నువ్వూరుకోవే. నీకు ముప్ఫై రెండూ ఉన్నాయి, ఎన్ని మాటలైనా చెబుతావు."

డాక్టరమ్మ ఆయన నోటికి స్కాన్ తీసి, పళ్ళ నమూనా కంప్యూటర్లో సిద్ధం చేసి, ఇంటికెళ్ళిపోయింది. మావయ్య కింద క్లినిక్‌లో, పేషెంట్ల వాలుకుర్చీలో పడుకున్నాడు. తెల్లారగానే ఆయన మొదటి బస్సు ఎక్కాలి. ఈలోపు పళ్ళు చెక్కే మిషను చెక్కెయ్యాలి, మనవాడు నునుపు చెయ్యాలి. అంతే పని.

అంతే పని అనుకున్నాడు పాపం.

ముందురోజు ఉరుముల్లో ల్యాబు రౌటర్ మాడిపోయింది. కొత్తది తెచ్చి పెట్టాడు. కానీ ఆ మిషను వైఫైలో తప్ప ఎవరి మాటా వినదు. పెన్‌డ్రైవ్ పెట్టే చోట సుద్దపొడి దూరి ఎప్పుడో పూడుకుపోయింది. కొత్త పాస్‌వర్డ్ కొట్టిద్దామంటే దాని తెర స్టూలు తగిలి పగిలింది, ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. మెకానిక్‌ని పిలవాలి, పిలవాలి అనుకుంటూ మనవాడు రోజులు దొర్లించేశాడు.

దారి ఒక్కటే. పాత పేరు, పాత పాస్‌వర్డు... రెండూ తీసి కొత్త రౌటర్‌కి తగిలిస్తే, రౌటర్ మారిన సంగతే మిషనుకి తెలీదు. పాత మనిషే పిలిచాడనుకుని పలుకుతుంది.

పేరు గుర్తుంది. పాస్‌వర్డ్ గుర్తులేదు.

ఫర్వాలేదు, ఫోన్లో ఉంటుంది కదా! ఉండేది. సాయంత్రం కొత్త రౌటర్‌కి పాత పేరు పెట్టగానే, ఫోను కలవలేక కలవలేక ఒకటే గోల పెట్టింది. చివరికి, ఈ నెట్‌వర్కుని మర్చిపోనా అని అడిగింది. నిద్రమత్తులో మనవాడు ఊఁ అన్నట్టు నొక్కేశాడు. ఫోన్లతో చిక్కే అది... చెప్పిన మాట వింటాయి. ల్యాబు కంప్యూటరా? దానిది మొదట్నుంచీ తీగ కనెక్షనే, పాస్‌వర్డ్ అనే మాటే అది వినలేదు.

తోచిందల్లా పెట్టి చూశాడు. పెట్టిన ప్రతిసారీ రౌటర్ ఆపి, మళ్ళీ వెలిగించి, మిషను మీద నీలం దీపం వస్తుందేమోనని గుడ్లప్పగించి చూడాలి. ఎర్రదీపం. మళ్ళీ ఎర్రదీపం. చూసి చూసి ఆ ఎరుపు ఎక్కడుందో, తన కళ్ళలోనో మిషనులోనో, తెలీకుండా పోయింది.

అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ల్యాబు వైఫై పాస్‌వర్డ్ నీకేమైనా తెలుసా?"

"టైమెంతయిందో నీకేమైనా తెలుసా?"

"అదీ తెలీదు."

అటు నుంచి నిట్టూర్పు. "నా పేరు పెట్టి చూశావా?"

"చూశాను."

"మీ ఆవిడ పేరు?"

"అదే మొదట చూశాను. కాదని తేలింది. ఈ సంగతి తనకి చెప్పకు."

"నీ పాత లాప్‌టాప్ ఉండాలిగా. దానికి గుర్తుంటుంది కదరా."

"అబ్బా..." అన్నాడు మనవాడు.

"ఏమైంది?"

"అది ఎక్కడుందో తెలుసా అక్కా?"

"ఎక్కడ?"

"...నడవా చివర."

డాక్టరమ్మ చదువుకున్న మనిషి, వాచ్‌మన్‌కి ఎదురు ప్రశ్న వేసిన మనిషి. అయినా గొంతు తగ్గించి, "పొద్దున్న చూసుకోకూడదూ?" అంది.

"పొద్దున్నకి మావయ్య బస్సెక్కేస్తాడు. బోసినోటితో."

"సరే వెళ్ళు. నేను లైన్లో ఉంటాలే."

"పెట్టెయ్యవుగా?"

"పెట్టనురా. నడు."

నడిచాడు. ఒళ్ళంతా అలసట, కాళ్ళు రెండూ ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. భయపడాలన్నా కాస్త ఓపిక కావాలి కదా... అదీ లేదు. నడవా సగానికి వచ్చాడు, ఊడ్చే ఆవిడ చీపురు ఆగిపోయే చోటుకి. అక్కడ దుమ్ము మొదలైంది. చెవి దగ్గర ఏదో చప్పుడు...

గుర్ర్... గుర్ర్...

ఆగిపోయాడు. ఆ తర్వాత అర్థమైంది, ఫోన్లో అక్క గురకపెడుతోంది.

తలుపు తోశాడు. స్విచ్చి నొక్కాడు. వెలగలేదు. బల్బు ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుసు, మార్చడానికి లోపలికి వచ్చిందెవరు గనక! ఫోన్ టార్చి వెలిగించాడు. వెలుగు తగలగానే దవడల నీడలు గోడ మీద లేచి, ఒకేసారి నోళ్ళు తెరిచాయి.

"నేనేరా" అన్నాడు నెమ్మదిగా. ఎవరితో అన్నాడో తనకే తెలీదు.

కింది అరలో, సుద్ద బస్తా వెనక లాప్‌టాప్ దొరికింది. లాగి చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి, పైడొప్పా కిందిడొప్పా విడిపోయి ఉన్నాయి. అది కూడా నోరు తెరిచే ఉంది! మీట నొక్కాడు. నొక్కి పట్టుకున్నాడు. బతిమాలాడు. ప్రాణం లేదు.

ఇక ఏ దారీ లేదు. మనవాడు బస్తా మీద కూలబడ్డాడు. మావయ్య రేపు ఆస్పత్రిలో చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడటం కళ్ళ ముందు మెదిలింది. అత్తయ్య కొత్త కళ్ళతో వెతుక్కుంటుంటే, ఆ మనిషి రుమాలు వెనక దాక్కుని... ఛీ. ఒక్క మాట గుర్తురాకపోతే ఇంత పనా! తల అర అంచుకి ఆనించాడు. రెప్పలు వాలాయి.

టక.

కళ్ళు తెరిచాడు.

టక... టక...

టకటకటకటకటక—

తల ఆనించిన అర వణుకుతోంది. ఆ వణుకు పళ్ళల్లోకి పాకింది. పై అరలో చట్రాలన్నీ ఒక్కసారిగా ఆడుతున్నాయి. పై దవడ కింది దవడని కొడుతోంది. ఒకటి కాదు, అరలో ఉన్నవన్నీ. లేవబోయి మళ్ళీ బస్తా మీదే పడ్డాడు. చేతిలో ఫోను జారి, టార్చి కిందికి వచ్చేలా పడింది. చీకటి.

చీకటి అనుకున్నాడు. కాదు...

పై అరలో, వెనక వరసలో, దవడలు వెలుగుతున్నాయి. లోపల్నుంచి. పళ్ళ సందుల్లోంచి తెల్లటి వెలుగు సన్నగా కారుతోంది. ఆ వెలుగులో ప్రతి నోరూ కదులుతోంది, ఏదో చెప్పబోతున్నట్టు.

చప్పుడు ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, వెనక నుంచి, గుమ్మం దగ్గర్నుంచి... పళ్ళు లేని నోటి గొంతు. సగం గాలి.

"నా పళ్ళు... అయ్యాయా?"

మనవాడు తిరిగి చూశాడు. లోపలికి పోయిన బుగ్గలు. తెల్లటి దుప్పటి. ఆ ముసలాయన ఒక అడుగు లోపలికి వేశాడు.

"అయిపోతున్నాయి సార్" అన్నాడు మనవాడు, చేతులు రెండూ జోడించి. "మీరు అక్కడే ఉండండి సార్. పొద్దున్నకల్లా ఇచ్చేస్తాను సార్."

"సారేమిట్రా నీ మొహం! నేను మీ మావయ్యని."

మళ్ళీ టకటకటక మొదలైంది. మనవాడు మావయ్యని గట్టిగా వాటేసుకున్నాడు. ఇక్కడ నవ్వకండి, మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు.

మావయ్య మాత్రం కదల్లేదు. "నేను పడుకున్నది సరిగ్గా దీని కిందేరా. పైన ఎవరో పకోడీలు నములుతున్నట్టుంటే లేచొచ్చాను. ఆ వెలుగేంటి?"

"వద్దు మావయ్యా. దాని జోలికెళ్ళొద్దు."

"వదులు ముందు. ఊపిరాడట్లేదు."

స్టూలెక్కాడు పెద్దాయన. ఒక దవడ తీసి కిందికి అందించాడు. ఇంకోటి తీశాడు. మరోటి. వాచ్‌మన్ చెప్పిన ముసలాయన లాగే, ఒక్కొక్కటీ... మనవాడు అందుకుంటూనే ఉన్నాడు, చేతుల్లో అవి టకటకలాడుతున్నాయి. ఈసారి వణుకుతున్నది అర కాదు, మనవాడి చేతులు.

"ఇదిగో నీ దెయ్యం" అన్నాడు మావయ్య.

పాత ఫోను. చార్జరు తీగ వెనక గోడ ప్లగ్గులోకి పోయి ఉంది. రేకు అర మీద, దవడల నడుమ నిలబెట్టిన ఫోను గిలగిలా కొట్టుకుంటోంది. తెర మీద అలారం. కింద పేరు: లేవరా మొద్దూ.

మనవాడు దాన్ని చాలాసేపు చూశాడు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పని ఎక్కువైన రోజుల్లో, రాత్రిళ్ళు ఈ గదిలో బస్తా మీద ఓ కునుకు తీసేవాడు. అక్కకి తెలిస్తే కేకలేస్తుంది, ఇంటికెళ్ళి పడుకోమంటుంది. అందుకని మోత లేకుండా వణుకు మాత్రం పెట్టి, పాత ఫోన్ని అలారానికి ఇక్కడ ఉంచాడు. తర్వాత వాచ్‌మన్ కథ వినబడింది. ఇక చీకటి పడ్డాక ఈ గదిలోకి వస్తే ఒట్టు. ఫోను సంగతి పూర్తిగా మర్చిపోయాడు. ఫోను మాత్రం మనవాడిని మర్చిపోలేదు. రోజూ రాత్రి లేపుతూనే ఉంది.

"నువ్వెప్పుడైనా లేచావుట్రా దీనికి?"

"లేదు మావయ్యా. ఒక్కసారి కూడా."

మావయ్య బోసినోరంతా తెరిచి నవ్వాడు, మనవాడూ నవ్వాడు. అంతలో మనవాడి నవ్వు ఆగిపోయింది. ఫోను కేసి వంగాడు.

"మావయ్యా... దీనికి తెలుసు."

"ఏం తెలుసు?"

"పాస్‌వర్డ్."

వేలు పెట్టాడు. సుద్దకి అరిగిన వేలిని ఫోను గుర్తుపట్టలేదు. తాళం తీసే గీత గియ్యమంది. ఆ గీత ఏమిటో మనవాడికి తెలీదు. కానీ బొటనవేలికి తెలుసు... తను చూస్తుండగానే అది పైకి వెళ్ళి, మలుపు తిరిగి, కిందికి దిగింది. తెరుచుకుంది! సెట్టింగుల్లోకి, వైఫైలోకి, దాచిన పేర్లలోకి. పాత పేరు మీద నొక్కి, పంచుకో అన్నచోట మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తాళం గీత. మళ్ళీ బొటనవేలు. నల్లటి చుక్కల చతురస్రం ఒకటి వచ్చింది. దాని కింద, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో...

మనవాడు పైకి చదివాడు.

"పడుకోనివ్వండిరాబాబూ."

మావయ్య ఫోను మీదికి వంగి ఆ అక్షరాల్ని ఇంకోసారి చూశాడు.

"అప్పుడు కూడా ఇంతేనట్రా నీ బతుకు?" అన్నాడు మావయ్య.

"ఇంతే మావయ్యా."

రౌటర్‌కి ఆ మాట పెట్టాడు. ఆపి, వెలిగించాడు. ఇద్దరూ మిషను ముందు, పరీక్ష ఫలితాలకొచ్చిన పిల్లల్లా నిలబడ్డారు. ఎర్రదీపం... ఎర్రదీపం... ఒక్క క్షణం ఆరింది.

నీలం.

మిషను గొంతు సవరించుకున్నట్టు గుర్రుమని, చెక్కడం మొదలుపెట్టింది. మనవాడు అక్కడే నేల మీద పడి నిద్రపోయాడు. మావయ్య తన దుప్పటి తీసి కప్పి, కాపలా కూర్చున్నాడు. మిషను ఆగగానే అలారం చెయ్యలేని పని చేశాడు... చెవి మెలిపెట్టి లేపాడు.

అంచులు అరగదీసి, నునుపు చేసి, కడిగి నోట్లో పెట్టేసరికి కిటికీ తెల్లబడుతోంది. మావయ్య దవడలు రెండుసార్లు ఆడించుకున్నాడు. అద్దం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "ఏమోయ్" అన్నాడు. బాగా పలికింది. కొంచెం మెత్తగా, "ఏమోయ్, బాగా కనపడుతోందా?" అన్నాడు. చాలనుకున్నాడు. బస్సుకి పరిగెత్తాడు.

పొద్దున్న డాక్టరమ్మ వచ్చీ రాగానే మనవాడు దెయ్యాన్ని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. తిట్టాల్సినవన్నీ తిట్టి, చివర్లో "ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదరా" అంది. డ్యూటీ దిగిపోతున్న వాచ్‌మన్‌ని పిలిచి, ఇదేనయ్యా నీ ముసలాయన అని చూపించారు. వాచ్‌మన్ ఫోన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అలారం మీదే సార్, కాదన్ను. మరి దీన్ని రోజూ ఆపుతున్నదెవరు?"

"అదే ఆగిపోతుందయ్యా కాసేపటికి."

"మీరు చూశారా?"

మనవాడు చూడలేదు. చూడటానికి వెళ్ళనూ లేదు. ఫోన్లో అలారాన్ని మాత్రం ఆ పూటే తీసేశాడు.

పొద్దెక్కాక ఫోన్ మోగింది. మావయ్య. డాక్టరమ్మ సైగ చేస్తే మనవాడు స్పీకర్లో పెట్టాడు. ఆస్పత్రి నడవాలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది, గొంతు రహస్యంగా ఉంది.

"ఒరేయ్ అల్లుడూ."

"కట్టు విప్పారా?"

"విప్పారు."

"చూసిందా?"

"చూసింది. చాలాసేపు చూసింది."

"ఏమంది?"

ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళిన చప్పుడు.

"కొత్తవా? అంది."

మనవాడికి అర్థం కాలేదు. డాక్టరమ్మకి అయింది. ఆవిడ చెయ్యి నోటి మీదికి పోయింది.

"తెలుసటరా. మొదటి రోజు నుంచీ తెలుసట. నేను నిద్రపోయాక లేచి, మంచం కింద గ్లాసు చేత్తో తడిమి పట్టుకుని, పాత నీళ్ళు పారబోసి మంచి నీళ్ళు పోసేదట. చూపు లేకుండానే. ఒక్క రాత్రి మానలేదట."

"మావయ్యా..."

"ఇంకోటుంది. నీకొక్కడికే చెబుతున్నాను, మీ అక్క దగ్గర అనకు. పళ్ళు కట్టిన రోజు మీ అక్క నాకేదో పెద్ద పాఠం చెప్పింది. నేను అద్దంలో చూసుకుంటూ వినలేదు." గొంతు ఇంకా తగ్గింది. "ఆ నీళ్ళు రోజూ మార్చాలని... నాకసలు తెలీనే తెలీదురా."